వేరుశనగ కొట్టంలో దయ్యాలు

కంటి పరీక్షకని అనంతపురం వెళ్లి తమ్ముడి ఇంట్లో దిగిన రోజున నాకు ఒక్క దయ్యం రెండుగా కనిపించింది. అందులో దయ్యం తప్పేమీ లేదు. పొద్దున డాక్టరు నా కళ్లలో చుక్కల మందు వేసి, సాయంత్రం దాకా అన్నీ అలుక్కుపోయినట్టే కనిపిస్తాయి, వెలుతురులోకి పోవద్దు అని చెప్పి పంపాడు. తమ్ముడి ఇంట్లో ఆ పూట వెలుతురు లేని చోటు ముందు గది ఒక్కటే. తమ్ముడి కూతురు హారిక, ఆమె స్నేహితురాళ్లు ఇద్దరూ కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు మూసి, గోడంత టీవీలో దయ్యం సినిమా పెట్టుకుని కూర్చున్నారు. దసరా మొదలుకొని దీపావళి దాకా దొరికిన తీరికంతా దయ్యం సినిమాలకే అని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారట. సినిమా అయిపోగానే ఫోన్లు తీసి మార్కులు వేస్తారు. కథకు ఇన్ని, భయానికి ఇన్ని, దయ్యం వేషానికి ఇన్ని అని విడివిడిగా లెక్క కట్టి, చివరకు పదికి ఎంతో తేలుస్తారు. ఆ తేల్చేటప్పుడు పెట్టుకునే కొట్లాట సినిమా కంటే బాగుంటుంది.

"అత్తా, నువ్వెంత ఇస్తావ్?" అంది హారిక, మూలన దిండుకు ఆనుకున్న నన్ను అప్పుడే చూసినట్టు.

"ఒంటి గింజ" అన్నాను.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "అంటే పదికి ఎంతత్తా?"

"పదికి లెక్క నాకు తెలీదమ్మా. మా కొట్టంలో లెక్క మూడు గింజల దాకానే."

"మీ కొట్టంలో దయ్యం సినిమాలు చూపించినారా? ఎవురు?"

"మీ జేజినాయన."

హారిక గోడమీది ఫోటో వైపు తిరిగింది. మా నాయన అందులో తలగుడ్డ చుట్టుకుని, ఫోటో తీసేవాణ్ణి బెదిరిస్తున్నట్టు చూస్తూ ఉంటాడు. "ఆ జేజినాయనా? ఆయన ఫోటోలో కూడా నవ్వడు కదత్తా!" అంది. నిజమే, నాయన నవ్వడు. కానీ మా ఊరికి దయ్యాలను బాడుగకు తెచ్చిన మనిషి ఆయనే. నా కళ్లు తేటపడేదాకా ఆ పిల్లలకు చెప్పిన సంగతే ఇది. వాళ్లకు చెప్పేటప్పుడు సగం నవ్వులోనే పోయింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు గార్లదిన్నెకు అవతల, ఎర్ర నేలల్లో ఉంది. అక్కడ వేరుశనగ తప్ప ఇంకో పంట పేరు చెబితే మనిషికి జ్వరం వచ్చిందేమో అనుకునేవారు. ఏడాదిలో ఎక్కువ భాగం మేము వాన కోసం ఆకాశం చూసేవాళ్లం. చెట్లు పీకి, ఎండబెట్టి, బండ్లతో తోలుకొచ్చి ఇంటి పక్కన వామి వేశాక మాత్రం అదే ఆకాశాన్ని చూసి, ఇప్పుడు వద్దు, కాస్త ఆగు అని బతిమాలేవాళ్లం. కాయలు చెట్టుకు ఉండగానే వాన పడిందంటే వామి లోపల ఉడుకెత్తుతుంది. కాయలు నల్లబడతాయి, మొలకలొస్తాయి, కాయలు తీశాక పశువులకు మేతగా వేసే కట్టె కూడా బూజు పట్టి పోతుంది. కాబట్టి తూర్పు నుంచి ముసురు వచ్చేలోగా ఒక్కొక్క చెట్టునూ చేతిలోకి తీసుకుని కాయలు విడిపించాలి. దసరా దాటిన కొద్దీ నాయన అన్నం తినేటప్పుడు కూడా తూర్పు వైపు తిరిగి కూర్చునేవాడు. ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించేవాడు, లోపల గింజ గలగలమంటే ఎండిందని లెక్క. అమ్మ సంగటి ముద్ద మీద ఊరిబిండి పచ్చడి వేసి, చల్లారిపోతాంది తినప్పా అని పోరు పెట్టేది.

నేను చెప్పే ఏడాదికి ముందు వరుసగా కరువులు. ఆ ఏడు ఏ దేవుడు కనికరించాడో వానలు సమయానికి కురిసి, కాయ విరగకాసింది. మా ఒక్కరికే కాదు, చుట్టుపక్కల అందరికీ. అందరి చెట్లూ ఒక్కసారే పీకారు, అందరికీ ఒక్కసారే కూలీలు కావాలి. కాయలు విడిపించే ఆడవాళ్లకు అంత గిరాకీ నేనెప్పుడూ చూడలేదు. మా వైపు వచ్చే ముఠాకు పెద్ద మారెక్క. నాయన ఈడు మనిషి, నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. ఆమె ఎటు కదిలితే ముఠా అటు కదులుతుంది. పైవీధి నాగప్ప మామ పూటకొకసారి టీ, మధ్యలో బోండాలు పెడతానని ముఠాను లాక్కున్నాడు. మా వామి మొదలు పెట్టినచోటే ఆగిపోయింది.

నాయన ఒక రోజంతా వామి చుట్టూ తిరిగాడు. మరునాడు అనంతపురం పోయి, బాడుగకు ఒక టీవీ, డెక్కు తెచ్చాడు. ఇప్పటి పిల్లలకు డెక్కు అంటే తెలియదు, క్యాసెట్టు పెడితే టీవీలో సినిమా ఆడించే పెట్టె. పశువులను బయట కట్టేసి, కొట్టం ఊడ్పించి, గుంజకు ఆనించి బల్ల వేసి టీవీ పెట్టాడు. పగటి వెలుగుకు బొమ్మ కనపడదని సందులన్నిటికీ గోనెపట్టలు కట్టించాడు. పనయ్యేది పగలు, ఇళ్లకు కరెంటు వచ్చేదీ పగలే, అందుకని మా దయ్యాలు కూడా పగలే తిరిగేవి. ఆ కొట్టం వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పేడ, ఎర్రమన్ను, ఎండిన వేరుశనగ ఆకు, గోనెపట్టల చమురు వాసన, వాటి మీదుగా అమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న ఉప్పు కాయల ఆవిరి.

దయ్యాలు రావడం మాత్రం నాయన ఎంపిక కాదు. దసరా రోజుల్లో క్యాసెట్ల అంగడిలో తెలుగు సినిమాలన్నీ అందరూ పట్టుకుపోయారు. ఎవరూ ముట్టుకోనివి హిందీ, ఇంగ్లీషు దయ్యం సినిమాలే. అంగడతను అవే ఒక సంచీ నిండా ఇచ్చి పంపాడు. "బొమ్మ కదిలితే సాలదా?" అన్నాడు నాయన. ఆయన దృష్టిలో సినిమా అంటే తలుపు దగ్గర కట్టేసిన దూడ లాంటిది, ఆవు పాలిచ్చేటప్పుడు ఎదురుగా ఉంటే చాలు.

మొదటి సినిమా పెట్టిన పూట ముఠాలోంచి నలుగురైదుగురు ముసలివాళ్లు మాత్రమే వచ్చారు. మధ్యాహ్నానికి కొట్టంలోంచి లేచిన కేకలు పైవీధి దాకా వినిపించాయి. మరునాటికి మారెక్క వెంట ముఠాకు ముఠా అంతా మా వాకిట్లో ఉంది. నాగప్ప మామ బోండాలు నాగప్ప మామే తిన్నాడు.

అయితే ఒక చిక్కు. ఆ మాటలు ఎవరికీ అర్థం కావు. ఇక్కడే నా ప్రవేశం. పదో తరగతితో నా చదువు ఆపించారు గానీ, గార్లదిన్నె గ్రంథాలయం నన్ను ఆపలేదు. బస్సు దొరికిన ప్రతిసారీ పోయి, ఒక బీరువా తర్వాత ఒక బీరువా చదువుకుంటూ వచ్చినదాన్ని. వంటల పుస్తకాలూ, ఖగోళ శాస్త్రమూ, పరదేశాల దయ్యం కథల అనువాదాలూ, ఏవీ వదల్లేదు. ఇంగ్లీషు నెమ్మదిగా కూడబలుక్కుని చదివేదాన్ని. వింటుంటే మాత్రం, ఆ సినిమాల్లో దొరల నోట్లోంచి వచ్చేది ఇంగ్లీషేనా అని నాకే అనుమానం వచ్చేది. అయినా సరే, బోర్లించిన డబ్బా ఒకటి టీవీ పక్కన వేసుకుని, చేతిలో కందికట్టె పట్టుకుని కూర్చున్నాను. ఆ ఊళ్లో అంతకు ముందు నా చదువును అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఇంతమంది ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని నా వైపు చూస్తున్నారు. తెలిసినచోట తెలిసినట్టు, తెలియనిచోట ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

"ఈ ఇల్లు వీళ్ల తాతది. తాత చచ్చిపోయినాడు గానీ ఇల్లు విడిచిపెట్టి పోలేదు" అంటాను.

"ఇంత పెద్దింట్లో ముగ్గురే ఉంటే దయ్యం రాకుండా ఇంకేమొస్తాదమ్మీ?" అంటుంది మారెక్క. "నలుగురు పిల్లోళ్లను కన్నింటే ఆ తాతకు పండుకునే సోటే ఉండేది కాదు."

"అది సూడు, ఒక్కతే మిద్దె మీదికి పోతాంది! పోవద్దే, పోవద్దే!" అని సుంకమ్మ కేక. సుంకమ్మ ముఠాలో అందరికంటే చిన్నది, పెళ్లై ఏడాది కూడా కాలేదు. భయపడితే పక్కనున్న మనిషి జుట్టు పట్టుకోవడం ఆమె అలవాటు. అందుకని ఆమె పక్కన కూర్చునేవాళ్లు ముడి బిగించుకుని, కొంగు కప్పుకుని కూర్చునేవాళ్లు.

"కాళ్లు ముందరికే ఉండాయి కదమ్మీ" అనేది మారెక్క, తెల్లగౌను వేసుకున్న దయ్యాన్ని చూసి. "కాళ్లు ఎనిక్కు తిరగకపోతే అది దయ్యమెట్లయితాది?"

"ఇంగ్లండులో దయ్యాలకు కాళ్లు ముందుకే ఉంటాయి మారెక్కా. అవి గోడల్లోంచి వస్తాయి" అని నేను గ్రంథాలయం అంతా నా వెనక నిలబడినట్టు చెప్పేదాన్ని.

"తలుపు తీసుకునేకి చేత కాదా దానికి?"

సాయంత్రం ఎవరి కాయలు వాళ్లు కూలి లెక్కకు డబ్బాలతో కొలిపించుకునేటప్పుడు సినిమాకు తీర్పు చెప్పడం ఆనవాయితీ అయింది. మొదలుపెట్టింది మారెక్కే. చేతిలో ఏ కాయ ఉంటే దాన్ని చూపించి చెప్పేది. బాగలేని సినిమా లొట్ట, అంటే లోపల గింజ లేని కాయ. పరవాలేదంటే ఒంటి గింజ. నలుగురూ మెచ్చితే రెండు గింజలు. మూడు గింజల కాయ చేనంతా వెతికితే ఎక్కడో ఒకటి దొరుకుతుంది. అలాంటి సినిమా ఇంకా రాలేదని, వస్తే తాను చెబుతానని అనేది. లొట్టా కాదా అని వాళ్లలో వాళ్లు వాదులాడుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. ఆ వాదులాటలో నా పేరు కూడా వచ్చేది, ఈ పొద్దు అమ్మీ బాగ చెప్పింది, నిన్న సరిగ్గా చెప్పలేదు అని. ఆ మాట కోసం నేను రాత్రి నిద్రలో కూడా దయ్యాలకు మాటలు కట్టేదాన్ని.

మా నాయన లెక్క వేరు. ఆయన ఒక్క సినిమా కూడా చూడలేదు. కొట్టంలోకి వచ్చి, టీవీకి వీపు పెట్టి నిలబడి, ఆడవాళ్ల చేతుల వైపు చూసేవాడు. కొన్నాళ్లకు ఆయనకు ఒక సంగతి తెలిసిపోయింది. లొట్ట సినిమా రోజున డబ్బాలు నిండుతాయి. రెండు గింజల సినిమా రోజున నిండవు. భయం పుట్టేసరికి చేతులు ఆగిపోతాయి. చెట్టు ఒళ్లో ఉంటుంది, కాయ వేళ్ల మధ్యలోనే ఉంటుంది, మనుషులు మాత్రం టీవీలోకి పోతారు. అట్లని అన్నీ లొట్టలే తెస్తే మళ్లీ బోండాల వైపు పోతారు. మనుషులు రావడానికి చాలేంత మంచిదిగా, చేతులు ఆగిపోనంత చెడ్డదిగా ఉండే దయ్యం సినిమా కావాలి నాయనకు. అంగడతన్ని అట్లాగే అడిగాడట. ఆ అంగడతను తన బతుకులో అట్లాంటి బేరం చూసి ఉండడు.

అట్లా వామి సగానికి దిగింది. దీపావళి దగ్గర పడింది. ఒక పొద్దున రేడియోలో తుపాను మాట చెప్పారు. మిద్దె ఎక్కి చూస్తే తూర్పున ఆకాశం ఇనుపరంగులో ఉంది. గాలి లేదు. పశువులు మేత ముట్టుకోకుండా నిలబడి ఉన్నాయి. మిగిలిన వామి మామూలుగా అయితే రెండు రోజుల పని. మాకున్నది ఆ ఒక్క పగలు.

ఆ ముందురోజే నాయన కొత్త క్యాసెట్టు ఒకటి తెచ్చి పెట్టాడు. దాని పేరు ఎక్కడ విన్నారో గానీ, ఆడవాళ్లు ఎన్నాళ్లుగానో దాన్నే అడుగుతున్నారు. చూసినవాళ్లకు జ్వరం వచ్చిందని, థియేటర్లో ఎవరో మూర్ఛపోయారని ఊళ్లో ఒకటే మాట. ఆ సినిమా మా కొట్టంలో అని తెలిసి పైవీధి ముఠా కూడా తట్టలు పట్టుకుని వచ్చేసింది. కొట్టంలో కాలు పెట్టే చోటు లేదు. కావలసినన్ని చేతులు వచ్చాయి. సినిమా పెట్టకపోతే లేచి పోతాయి, పెడితే ఆగిపోతాయి.

నాయన నన్ను కొట్టం వెనక్కి పిలిచాడు. ఆయన నాతో ఒక పని గురించి మాట్లాడడం అదే మొదలు. అంతకు ముందు నీళ్లు తే, దీపం పెట్టు, అంతే.

"అమ్మీ, ఆ సినిమా కత చెప్పేది నువ్వే కదా?"

"నేనే నాయనా."

"బయం తగ్గించి చెప్పల్ల."

నాకు మండిపోయింది. మూడు గింజలు వచ్చే సినిమా ఏదైనా ఉంటే అదే, దాన్ని పలికించేది నా నోరే. "బయం తీసేస్తే ఇంక దాంట్లో ఏముంటాది నాయనా?" అన్నాను.

"ఏమీ లేకపోయినా పర్వాలేదు. కాయలు ఉండల్ల" అన్నాడు. అని, తూర్పు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "వచ్చే ఏటికి ఇత్తనం కూడా దీంట్లోదే అమ్మీ. ఇది తడిసిందంటే ఇత్తేకి గింజ ఉండదు."

సినిమా మొదలైంది. అది నిజంగానే భయమైన సినిమా. మాట్లాడేవాళ్లు తక్కువ, చప్పుళ్లు ఎక్కువ. పాడుబడిన ఇల్లు, అందులో జుట్టు మొహం మీద వేసుకుని తిరిగే ఒక పిల్ల దయ్యం. ఆ పిల్ల మెట్ల మీద మొదటిసారి కనిపించగానే కొట్టంలో చేతులన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. నాయన గోనెపట్ట తొలగించి లోపలికి చూసి, నా వైపు చూశాడు.

నేను ముందు శాస్త్రాన్ని నమ్ముకున్నాను. "అది నెత్తురు కాదు, రంగునీళ్లు. ఆ పిల్లను దారాలు కట్టి లేపుతారు. తెర వెనక ఎంతోమంది నిలబడి ఉంటారు, నేను చదివినా" అని గబగబా చెప్పుకుపోయాను.

"నోరు మూస్కో అమ్మీ!" అన్నారు పదిమంది.

"దారాలంట, దారాలు. ధర్మారం పట్టుచీరల మగ్గమా అది?" అంది సుంకమ్మ, కళ్లు టీవీ మీంచి తిప్పకుండా, రెండు చేతులతో పక్కామె కొంగు పట్టుకుని.

చేతులు కదల్లేదు. బయట దూరంగా ఉరిమింది. సినిమాలో ఉరిమిందనుకుని అందరూ ఇంకా దగ్గరికి జరిగారు. నాకు ఏడుపు వచ్చేంత పనైంది. చదివిన బీరువాలన్నీ తలలో తిరగేస్తున్నాను, ఒక్కటీ పనికి రావడం లేదు. అప్పుడు దయ్యం పిల్ల ఒక గది మూలన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బొమ్మ వచ్చింది. వెనక వరసలో ఒక ముసలామె తనలో తాను అన్నట్టుగా, "పాపం, ఎవురు కన్న బిడ్డో" అంది. అంటూనే ఆమె వేళ్లు ఒక కాయను తుంచి తట్టలో వేశాయి.

నేను అది చూశాను. డబ్బా మీద సర్దుకుని కూర్చుని, గొంతు మార్చాను.

"ఆ బిడ్డను నీళ్లు లేని ఊరికిచ్చినారు" అన్నాను.

కొట్టంలో రెండు మూడు తలలు నా వైపు తిరిగాయి.

"తల్లి లేదు. చంటోడు తమ్ముడొకడు. వాణ్ణి విడిచి రానని ఏడిస్తే, చంకన పెట్టుకునే వచ్చింది. ఊరి బయట బావి. కడవ దించితే అడుగున బురద తగిలేది. పొద్దున పోతే మధ్యాహ్నానికి ఒక కడవ."

"అయ్యో" అంది మారెక్క. ఆమె చేతిలో చెట్టు కదిలింది.

ఇక నేను ఆగలేదు. ఆ సినిమాలో అత్త లేదు, నేను అత్తను పెట్టాను. తమ్ముడు లేడు, తమ్ముడికి దప్పికతో జ్వరం తెప్పించాను. దయ్యం మెట్లు దిగుతుంటే, నీళ్లు పెట్టిన కడవ ఏ గదిలో ఉందో వెతుకుతాంది అన్నాను. తలుపు కొడుతుంటే, ఒక లోటాడు నీళ్లు ఇయ్యండమ్మా అని అడుగుతాంది అన్నాను. ఆ ఇంటికి వచ్చిన దొరసాని కెవ్వుమని అరిస్తే, చూడండి, కడుపు నిండినోళ్లకు అడిగేవాళ్లను చూస్తే ఎంత బయమో అన్నాను. చావు ఇళ్లలో ఆడవాళ్లు పేరు పేరునా తలుచుకుని రాగం తీస్తారు చూడండి, ఆ తూగు దానంతటదే నా నోట్లోకి వచ్చింది. ఏ పుస్తకంలోనూ చదివింది కాదు అది. కొంగులు ముక్కుల దగ్గరికి పోయాయి. చేతులు మాత్రం ఆగలేదు, ఇంకా వేగం అందుకున్నాయి. ఆ ఆడవాళ్లు పొయ్యి ముందర, బావి దగ్గర, కలుపులో ఏడుస్తూ పని చేసినవాళ్లే అందరూ. కళ్లు తుడుచుకోవడానికి ఒక చేయి పోతే, రెండో చేయి తట్ట వెతుక్కుంటూనే ఉంది. భయపడుతూ పని చేసే అలవాటు మాత్రం వాళ్లకు ఎవరూ చేయలేదు.

నాయనా, మా సేద్యగాడూ విడిపించిన కాయలను మూటలు కట్టి ఇంట్లోకి మోస్తూనే ఉన్నారు. సినిమా అయిపోతే అమ్మ క్యాసెట్టును వెనక్కి తిప్పింది, నేను రెండోసారి చెప్పాను. రెండోసారి తమ్ముణ్ణి ఇంకాస్త ఎక్కువ ఏడిపించాను. చివరి చెట్ల కట్ట మారెక్క ఒళ్లోకి వచ్చేసరికి గోనెపట్టలు గాలికి లేచి కొట్టుకుంటున్నాయి. ఆ కట్ట ఖాళీ చేసి ఆమె లేచి, నడుం పట్టుకుని నా ముందర నిలబడింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"లొట్ట" అంది.

నేను చేతిలో కందికట్టె కింద పెట్టాను.

"దయ్యం సినిమా అని వస్తే, పొద్దన్నించీ ఏడిపిచ్చి సంపినావు కదే! నా మనవరాలు కూడా నీళ్లు లేని ఊర్లోనే ఉండాది. దాన్ని తలుసుకోనీకా నేను వచ్చింది? సుంకీ, నీకేమన్నా బయమాయెనా?"

"యాడిది! ఆ తమ్ముణ్ణి నేనే తెచ్చుకుని సాకుదామనుకుంటి" అంది సుంకమ్మ ముక్కు చీదుతూ.

"లొట్ట, లొట్ట" అని పైవీధి ముఠా కూడా వంత పాడింది. నాయన తలవాకిట్లో నిలబడి అదంతా విన్నాడు. ఒక్క మాట కూడా నా తరఫున అనలేదు. చివరి మూటను భుజానికెత్తుకుని లోపలికి పోయాడు, అంతే.

అప్పుడు వాన మొదలైంది. చినుకు చినుకుగా కాదు, ఎవరో పై నుంచి తూము తెరిచినట్టు. కరెంటు పోయింది. ఆడవాళ్లు ఇళ్లకు పోయే దారి లేదు. కొట్టం కప్పు కారుతుంటే అందరం ఇంట్లోకి, కాయల మూటలు వేసిన పెద్ద గదిలోకి చేరాం. కొందరు మూటల మీదే ఎక్కి కూర్చున్నారు. అమ్మ ఉడికిన కాయలు గంపతో తెచ్చి మధ్యలో పెట్టింది. పగలే అయినా గదిలో మనిషి మొహం మనిషికి సరిగా కనపడటం లేదు. మారెక్క కొంతసేపు కాయలు నమిలి, "ఏమ్మే అమ్మీ" అంది. "ఆ సినిమాలో నిజ్జంగా ఏం జరిగిండాదో ఇప్పుడు చెప్పు. నీ ఏడుపు కత కాదు. దాని అసలు కత."

హారిక గదిలో దుప్పట్ల చాటున కూర్చుని సినిమా చూస్తుంటే ఆ పెద్ద గదే గుర్తుకొచ్చింది నాకు. ఇప్పుడు మా చేను సగం బీడు, మిగతా సగంలో చీనీ, అంటే బత్తాయి చెట్లు. వేరుశనగ వేసినవాళ్లు కూడా కాయలు యంత్రంతో కొట్టించుకుంటున్నారు. అది గంటల్లో తేల్చేస్తుంది, దానికి సినిమా అక్కర్లేదు. ఆ పని పోయినందుకు నాకేమీ బాధ లేదు, ఆ ఆడవాళ్ల వేళ్లు సాయంత్రానికి ఎట్లా పగిలి ఉండేవో నేను చూశాను. ఈ పిల్లలు భయాన్ని పండగలా దాచుకుని, ఏడాదికి ఒకసారి విప్పుకుని, మెత్తటి దిండ్ల మీద కూర్చుని మార్కులు వేసుకుంటుంటే నాకు ముచ్చటగానే ఉంది. మాకు అప్పట్లో భయం దొరకనిది కాదు. రేడియో పెట్టినా దొరికేది, తూర్పు వైపు చూసినా దొరికేది. దానికి మార్కులు వేసే తీరికే ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం ఆ తీరిక మా గదిలోకి వచ్చి కూర్చుంది. నేను మొదటి నుంచి చెప్పాను. టీవీ లేదు, కందికట్టె లేదు, గ్రంథాలయం కూడా పక్కన పెట్టాను. చూసింది చూసినట్టు, చూడనిది చూసినదాని కంటే బాగా చెప్పాను. తమ్ముడూ లేడు, కడవా లేదు. పాడుబడిన ఇల్లు, మెట్లు, మెట్ల పైన ఒక మూసిన తలుపు. ఆ తలుపు వెనక ఏదో గీరుతున్న చప్పుడు. సుంకమ్మ ఎప్పుడో ఎవరి జుట్టో పట్టుకుంది, వాళ్లు విడిపించుకోలేదు. గంపలో కాయలు చల్లారిపోతున్నాయి. దొరసాని మెట్లెక్కింది, తలుపు మీద చేయి వేసింది, తోసింది. అక్కడ ఆపి నేను ఊపిరి తీసుకున్నాను.

మారెక్క అడుగుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు దగ్గర మూటల మీద ఒక ఆకారం కదిలింది.

"ఆపినావేంది అమ్మీ?" అన్నాడు నాయన. "లోపల ఎవురుండారో చెప్పు బిరీన."

ముందుగా సుంకమ్మే తేరుకుంది. "ఏందన్నా, నీకూ బయమైతాందా?"

నాయన తడిసిన తలగుడ్డ విప్పి మోకాళ్ల మీద వేసుకున్నాడు. కింద మూటను అరచేత్తో ఒకసారి తట్టి చూసుకున్నాడు.

"అయితాందిమ్మే" అన్నాడు. "కానీలే. కాయలు తడవలేదు కదా."